పాయింట్ల భోజనం

మా హోటల్లోకి రావాలంటే జూదం హాలు దాటాలి.
బయటికి పోవాలన్నా అంతే.
బిలాక్సీ తీరంలో, కిటికీ పక్క ఎనిమిదో టేబుల్‌కి
వర్లీన్ లాడ్నియర్ అనే ఆవిడ
బుధవారం సాయంత్రం ఐదింటికే వచ్చింది.
ఐదింటికి ఎవరూ రారు.
నీళ్ళ మీద ఎండ ఇంకా పోలేదు,
కొవ్వొత్తులైనా వెలిగించలేదు నేను.

చర్చికి వేసుకునే నీలం గౌను.
చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని
రెండు చేతులూ దాని మీద ఆనించింది
బస్సులో కూర్చున్నట్టు.

"ఇది చెల్లుతుందా బాబూ?"
నా ముందుకు జరిపింది బంగారు రంగు కార్డు.
అంచులు అరిగాయి. మూల చిన్న బెజ్జం,
బెజ్జానికి మెలికలు తిరిగిన ప్లాస్టిక్ తాడు,
మెషీనుకి మనిషిని కట్టేసే తాడు.
పేరు డెల్మస్ లాడ్నియర్.
మనిషి పోయింది ఫిబ్రవరిలో.
పాయింట్లు ఈ నెలాఖరుకి మురిగిపోతాయి.

చెల్లుతుందన్నాను.

మెనూ తెరిచి
ధరలున్న వైపు అరచేత్తో మూసి చదివింది.
ధరలు మాత్రమే చదివేవాళ్ళని చాలామందిని చూశాను గానీ
ధరలు మూసి చదివే మనిషిని ఇదే చూడటం.

ఎముకతో ఉన్న పెద్ద ముక్క ఎంచుకుంది.
చల్లటి గదిలో నలభై ఐదు రోజులు ఆరబెట్టింది అంటూ
నేను చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ చెప్పాను.
ఓపిగ్గా విని
"అంటే పాతదన్నమాట" అంది.

ఎలా కాల్చమంటారని అడిగాను.

"ఆయనకి లోపల ఎర్రగా ఉండాలి.
కత్తి పెడితే కంచంలోకి నెత్తురు కారాలి.
ముప్ఫై ఎనిమిదేళ్ళు అలాగే వండాను,
అలాగే తిన్నాను.
నాకు నల్లగా కాల్చమను.
ఎక్కడా ఎరుపు కనపడకూడదు."

లోపల ఓగస్టీన్ చీటీ చూసి
నా వంశాన్నంతా తలుచుకున్నాడు.
ఇంత మంచి మాంసాన్ని బొగ్గు చేయమంటావా,
ఆ ఎద్దు రెండోసారి చచ్చినట్టే కదరా అన్నాడు.
అయినా కాల్చాడు.
కొవ్వు కరిగి నిప్పుల్లో పడి చుర్రుమన్నప్పుడల్లా
మంట లేచి అతని గడ్డం దాకా వచ్చి పోయింది.

నీళ్ళు పోస్తుంటే నా చొక్కా మీద పేరు చదివింది.
"క్వాంగ్. మీవాళ్ళది రొయ్యల పడవా?"
ఒకప్పుడు, అన్నాను.
"మా ఆయన మీవాళ్ళ ఇంజన్లు బాగుచేసేవాడు.
చేతులు మంచివి."
ఆ మాట అని గ్లాసు వైపు చూసింది కాసేపు.

ముక్క వచ్చింది. లోపలా బూడిద రంగే.
పసిపిల్లకి కోసినట్టు సన్నగా కోసింది.
నమిలింది. చాలాసేపు నమిలింది.

నాలుగో ముక్క దగ్గర కత్తి ఆపి
"ఇది రావాలంటే ఎంత పోగొట్టుకుని ఉంటాడు?"
వెయ్యి పోతే నాలుగు చేతికొస్తాయి,
తెర మీద లెక్కంతా కనపడుతుంది.
తెలీదండీ అన్నాను.

"నాకు తెలుసులే.
ఇంటి కప్పు, రెండుసార్లు.
ఒక ట్రక్కు.
నా పై పళ్ళు."
ఆ చివరిమాటకి తనే నవ్వింది,
నవ్వి, మళ్ళీ నమలడం మొదలుపెట్టింది.

బిల్లు పోను పదకొండు పాయింట్లు మిగిలాయి.
"ఆయనకి ఉంచు" అంది.
నాకు మాత్రం నగదే ఇచ్చింది,
నాలుగు మడతల ఇరవై నోటు.
దాంతోపాటు సరుకుల చీటీ కూడా వచ్చేసింది.
గుడ్లు, బల్బు, కుక్కకి పురుగుల మందు.
చీటీ వెనక్కి తీసుకుంది.

మిగిలిన సగం డబ్బాలో సర్దాను.
ఎముక కూడా పెట్టమంది.

గుమ్మం దాకా వెంట వెళ్ళాను.
గడియారం లేని హాలు, వంద మెషీన్లు
ఒకేసారి ఎవరికో కంగ్రాట్స్ చెబుతున్నాయి.
ఎటూ చూడకుండా నడిచింది
డబ్బా ఒలకకుండా రెండు చేతుల్లో పట్టుకుని.
మూడో వరుస చివర ఆగింది.
ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన కుర్చీ
ఖాళీగా ఇంకా తిరుగుతోంది.
ఒక చెయ్యి వదిలి, దాని వీపు పట్టుకుని
ఆపింది.
తర్వాత వెళ్ళిపోయింది.

వంటింట్లో ఓగస్టీన్ అడిగాడు,
తిందా మరి ఆ బొగ్గు?

ఎముక కూడా వదల్లేదన్నాను.