పొర లేనిది

బెథెస్డాలో వాన, పలకరాళ్ల కప్పు మీద
తన పాత పని తాను చేసుకుంటోంది.
షెడ్డులో ఎమ్రిస్ ప్యూ లేతు ఆన్ చేశాడు.

ముప్పై ఏళ్లు క్వారీలో రాతిని చీల్చినవాడు.
రాయికి పొర ఉంటుంది, చెవి ఆనిస్తే
ఎక్కడ విడిపోతుందో అదే చెబుతుంది, అంటాడు.
ఈ అక్రిలిక్‌కి పొరా లేదు, వయసూ లేదు.
పోయిన వారం పార్సిల్లో వచ్చిన నీలం.

డ్రిల్లు తొందరపడితే కరుగుతుంది.
లోపలి ఇత్తడి గొట్టం బయటికి మెరవకుండా
రంధ్రానికి ముందే నల్లరంగు పూశాడు,
ఎవరూ చూడని చోటికి రెండు పూతలు.

ఉలి ఆనగానే
జంతికల గొట్టంలోంచి దిగినట్టు తెగని రిబ్బను
స్వెట్టరుకీ, కనుబొమలకీ, నా టీ కప్పుకీ అంటుకుంటూ.
"తెగలేదంటే పదునుందన్నమాట"
అన్నాడు, దులుపుకోకుండానే.

పెన్ను లైబ్రరీ నెరిస్‌కి. రేపు ఆమె ఆఖరి రోజు.
క్వారీలో పనిపోయిన ఏడాది
ఈయన దరఖాస్తులన్నీ ఆమే రాసిపెట్టింది.

ఆఖరి కోత. టప్‌మంది.
సగం నీలం గోడకి, సగం ఎక్కడికో.
ఎమ్రిస్ వెల్ష్‌లో ఒక్క మాట అన్నాడు.
దాన్ని నేనిక్కడ రాయను.

ఇంకో ముక్క బిగించాడు. ఈసారి ఎరుపు.
తడిపిన గరుకుకాగితంతో
రాత్రి పదకొండు దాటి
దీపం దాని మీద నిలబడేదాకా రుద్దాడు.

గీసి చూడమని నాకిచ్చాడు.
కరెంటు బిల్లు వెనక నా పేరు రాశాను.
దాని కింద ఆయన
చుట్టలు చుట్టలుగా ఒక్క గీత గీసి
కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

రెండో సగం నీలం
మార్చిలో దొరికింది,
నా కోటు జేబులో.