సున్నా తర్వాత

మెట్టుగడ్డ మీద నా పసుపు డబ్బా.
మూడు దిక్కుల అద్దం, నాలుగో దిక్కు నా ఊతకర్ర.
గోడకు పట్టీ: ఊరి పేరు, ఎదురుంగ అంకెలు.
చూడకుండనే చెప్పెటోణ్ణి.
గద్వాల సున్నా ఎనిమిది ఐదు నాలుగు ఆరు,
నల్లగొండ సున్నా ఎనిమిది ఆరు ఎనిమిది రెండు,
షోలాపూర్ సున్నా రెండు ఒకటి ఏడు.

సున్నా అంటే గడప.
ఊళ్లె ఊళ్లెనే మాట్లాడుకుంటె దానితోని పనిలేదు.
గడప దాటితేనే ఏ ఊరికో చెప్పాలె.

హైదరాబాదుకు నాలుగు, సున్నా. అంతే.
పట్నానికి కోడు పొట్టి, నంబరు పొడుగు.
మా పాలమూరుకు కోడే నాలుగంకెలు, నంబరు ఆరు.
గడప తీసేసి కూడితే ఇద్దరికీ పదే.
ఇంకెక్కడ సమానం చేసిండ్రో గాని
ఇక్కడ మాత్రం చేసిండ్రు.
అయినా సూడు,
పట్నపోడు ఊరి పేరొక్కటి చెప్పి ఊకుంటడు,
మావోడు మేస్త్రి ముందర నిలబడి
జిల్లా చెప్పి, తాలూకా చెప్పి,
రైలుగేటు అవతల అని కూడా చెప్పాలె.

ఉసేనమ్మ బుధవారం బుధవారం వచ్చేది,
సీతాఫలాల గంప డబ్బా ముందర దించి.
కొంగుముడిల కాగితం ముక్క నాకిచ్చి
రిసీవరు రెండు చేతులతో పట్టుకునేది.
నంబరు ఏ చాయ్ హోటల్‌దో, ఏ సేటుదో.
కుర్మయ్య తిరిగిన జాగలన్నీ నాకు ఎరుక:
సున్నా రెండు సున్నా పునా,
సున్నా రెండు రెండు బొంబాయి.
ఆమెకు అన్నీ బొంబాయే.
మీటర్ల ఎర్ర అంకెలు ఉరికేవి,
వాటెంబడి ఆమె మాటలు ఉరికేవి.
మేక ఈనింది, బోరు ఎండింది, పిల్లకు పన్ను ఊడింది.
రాత్రి పదకొండు దాటితె పావు రేటే అని చెప్పిన.
పదకొండుకు మా ఊరి బస్సు నువ్వు నడుపుతవా, అన్నది.

ఆ బుధవారం కాగితం కొత్తది.
సున్నా ఎనిమిది ఐదు నాలుగు ఐదు.
నా వేలు ఆగింది.
వనపర్తి.
బస్సుల రెండు గంటలు.

"బొంబాయిల వాన పడుతుందా?"
ఆమె అడుగుతున్నది.
నా అద్దం మీద అప్పుడే చినుకులు మొదలైనయ్.
అటునుంచి ఏమన్నడో నాకు వినరాలే.
మీటరు నిమ్మళంగ, ముసలెద్దు లెక్క నడిచింది.

ఎప్పుడు ముప్పై దాటేది, ఆ దినం ఆరు రూపాయలు.
రశీదు దిక్కు చూడలే, చిల్లర లెక్కబెట్టింది.
మల్లొకసారి లెక్కబెట్టింది.
"షబ్బీరూ, బొంబాయి దగ్గరికొచ్చిందా?"

అద్దం లోపలి మాట బయట పడొద్దు,
అది నా పనికి మర్యాద.
అంకెల సంగతి ఏం చేయాల్నో ఎవరూ చెప్పలే.
నేను గోడ మీది పట్టీ దిక్కు చూసిన.
ఆమె నా చూపు దిక్కు చూసింది.

"గంప సూస్తుండు" అని
బస్టాండు తొవ్వ పట్టింది.

ఆయన అక్కడెందుకున్నడో,
అడ్వాన్సు తీరక మొఖం చూపలేకనో
ఇంకో పొయ్యి రాజేసుకున్నడో,
నాకు తెల్వదు. కోడు ఊరి దాకనే చెప్తది,
ఇంటి దాకా తోలుకపోదు.

వనపర్తి ఇప్పుడు జిల్లా. అంకెలు పాతవే,
అడిగెటోడే లేడు.
అందరి జేబుల్ల పదంకెలు, ఒక్కదానికీ గడప లేదు.
ఎత్తంగనే అడుగుతరు: యాడున్నవ్?
చెప్పిన ఊరే ఊరు.

గంప మూడు దినాలు నా కాడనే ఉండె.
వానకు తడిసి,
కాయలు ఒక్కొక్కటే కండ్లు తెరిచినయ్.