ముట్టుకోవద్దు

ప్లోవ్‌దివ్‌లో, కపానా సందుల్లో
బూట్లు బాగుచేసే కొట్టు పైన నా గది.
కిటికీ తెరిస్తే తోలు వాసన, కాఫీ వాసన.
మూస్తే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన.
మూసే ఉంచుతాను.

కపానా అంటే మా భాషలో బోను.
అద్దెకి దిగినరోజు ఇంటాయన నవ్వుతూ చెప్పాడు.
నేను బోనులోనే పని చేస్తానని ఆయనకి తెలీదు:
నా ఎడిటర్‌కి మెనూల్లేవు, బొమ్మల్లేవు,
లోపలికెళ్ళినవాళ్ళకి బయటికి దారి దొరకదని
లోకమంతా హాస్యమాడుతుంది.
నేనెళ్ళి పందొమ్మిదేళ్ళయింది.
బయటేముందని?

"ఒక్క మనిషికి ఏడు కీబోర్డులేమిటి?"
యావోర్ అడుగుతాడు, అలమర తెరిచినప్పుడల్లా.
ఒక్క మనిషికి పది వేళ్ళెందుకూ అంటాను.
వినవయ్యా, ఇది రేకుల మీద వడగళ్ళు.
ఇది పచ్చి వేరుశెనక్కాయ చిదిమిన చప్పుడు.
ఇదుగో ఇది, కళ్ళు మూసుకుని విను,
ఎవరో పక్కగదిలో పేకముక్కలు కలుపుతున్నట్టు లేదూ?
లేదంటాడు.
మంచివాడే, చెవులే లేవు.

అన్నిటికన్నా నాకు ముద్దు
పద్నాలుగేళ్ళ ఈ నల్ల ల్యాప్‌టాప్.
మెడ విరిగితే కింది కొట్టు స్తమెన్ తాత
బూటు మేకు వేసి బిగించి ఇచ్చాడు,
డబ్బులు పుచ్చుకోలేదు, "ఇదీ నడిచేదేగా" అన్నాడు.
మూత ఎత్తితే కిర్రుమంటుంది
మధ్యాహ్నపు కునుకు చెడగొట్టినట్టు.
మీటల నట్టనడుమ ఎర్రబొట్టు.
దానిమీద వేలానించి తోస్తే చాలు, బాణం పరుగు.
ఇరుకు బల్లమీద, సోఫియా రైల్లో,
ఒకసారి పన్ను పీకించుకోడానికి వెళ్ళి
ఆ బెంచీమీద కూడా
ఒక చేత్తో బుగ్గ పట్టుకుని పనిచేశాను.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు.
బడిలో ప్రావెట్స్ ఉండేది, మా దేశం చేసిన యంత్రం,
నలుగురు పిల్లలకి ఒకటి.
నా వంతు ఐదు నిమిషాలు.
ప్రింట్ అని కొట్టి, నా పేరు రాసి,
మళ్ళీ మొదటికి పొమ్మన్నాను.
నెవెనా నెవెనా నెవెనా
తెరనిండా పచ్చగా.
ఆ పేరు మా దగ్గర ఒక పువ్వుది, ముద్దబంతి లాంటిది.
టీచరు వచ్చి మీట నొక్కి ఆపేసింది.
యంత్రం ఆగింది.

నిన్న తెల్లవారుజామున బానిత్సాల కొట్టు
రాడ్కా గారి ఫోను:
సైటు చచ్చిపోయింది, పొయ్యి వెలిగింది, ఆర్డర్లు లేవు!
సర్వర్లో ఏదో కొత్త వెర్షన్ ఎక్కించారట
మాటమాత్రం చెప్పకుండా.
గ్రెప్ అని కొట్టాను. ఎంత బుల్లి మాట!
ఎనిమిది వందల ఫైళ్ళ గడ్డివాములో సూది
రెప్పపాటులో నా చేతికిచ్చింది.
రెండువందల పదకొండో వరస.
దాని నెత్తిన ఎవరో రాసి పెట్టారు:
"ఇదెందుకు పనిచేస్తోందో తెలీదు. ముట్టుకోవద్దు."

ఏ బుద్ధిలేని గాడిద రాసిందిరా ఇది
అని పైకే తిట్టి, గిట్‌ని అడిగాను.
గిట్‌కి మొహమాటం లేదు.
తేదీ చెప్పింది, పదకొండేళ్ళ కిందటిది.
వేళ చెప్పింది, రాత్రి మూడూ పన్నెండు.
పేరు చెప్పింది.
ముద్దబంతి.

కాసేపు కీబోర్డు ముట్టలేదు.
అప్పటికి యావోర్ ఎవరో తెలీదు.
ఈ గది లేదు, ఈ మేకు లేదు.
ఇదే మూత, ఇదే ఎర్రబొట్టు,
పనిచేసిందని కుర్చీలో గిర్రున తిరిగి
చల్లారిన సూపు నిలబడే తాగిన పిల్ల.
దానికి కారణం అక్కర్లేదు. పనిచేసింది, అంతే.

ఒక్క కామా తీసేశాను.
సైటు లేచి కూర్చుంది, ఆరున్నరకి మొదటి ఆర్డరు,
చీజ్‌వి నాలుగు, పాలకూరవి రెండు.
ఆ రాతని మాత్రం అలాగే ఉంచాను.
నా మాట నేనే వినకపోతే ఎలా?

యావోర్ కొన్న కొత్త ల్యాప్‌టాప్ డబ్బా
మంచం కింద ఇంకా విప్పకుండా ఉంది.
కాగితమంత పల్చనట. చప్పుడే చేయదట.
పాపం.

ఎనిమిదో కీబోర్డు గురువారం వస్తుంది.
స్తమెన్ తాత చిరునామా ఇచ్చాను.