మడ్‌గార్డు చప్పుడు

పుష్యమాసంలో మా కాలవ గట్టు
తెల్లారుజామున కంటికి ఆనదు.
హ్యాండిల్ మీద నా చేతులు
ఎవరో అప్పిచ్చినట్టుంటాయి.
ముందు చక్రం అసలు నాది కాదు.

ఎడం పక్క కాలవ, అంచుదాకా.
కుడి పక్క దాళ్వాకి దమ్ము చేసిన చేను.
మధ్యలో దారి, సైకిలున్నర వెడల్పు.
ఆ అర కోసమే రోజూ మా బేరాలన్నీ.

ఐదింటికల్లా లాకుల దగ్గర పాలకేంద్రంలో ఉండాలి.
నేను వెళ్ళి వెన్న శాతం చూస్తే గాని
ఊళ్ళో గేదెల పరువు తేలదు.
మా అమ్మాయికి బడిలో ఇచ్చిన సైకిలిది.
అది కాలేజీ బస్సెక్కాక
కూతురి ఆస్తి తల్లికొచ్చింది.

గట్టు మీద ఎవర్నీ మొహం చూసి పోల్చం.
కిర్రు కిర్రున ఒగురుస్తూ వచ్చేది చిట్టబ్బాయి,
అంబాజీపేటకి నూట ఇరవై కాయ.
ఆయన తొక్కడు,
పక్కన నడుస్తూ సైకిల్ని ఒప్పించుకుంటూ వస్తాడు.
టంగుమని ఒక్కసారే మోగితే
సబ్‌స్టేషన్లో నైట్‌డ్యూటీ దిగిన మూర్తిరాజు గారు,
రెండోసారి గంట కొట్టడం అమర్యాదని ఆయన నమ్మకం.
క్యారేజీలో చెంచా తాళమేస్తుంటే
పీచు ఫ్యాక్టరీ ఆడాళ్ళు,
సైకిళ్ళు ఒకదాని వెనకొకటి,
మాటలు మాత్రం పక్కపక్కన.
ఏ చప్పుడూ లేకపోతే పల్లాలమ్మ,
కాలినడకన, నెత్తిన తడి గంప,
ముందు చేపల వాసన దాటుతుంది, తరవాత ఆవిడ.

రూలు ఒక్కటే, ఎవరూ రాసింది కాదు.
బరువున్నవాళ్ళకి చేనువైపు దారి.
ఖాళీగా ఉన్నవాళ్ళు
కాలవ పక్కకి దిగి నిలబడి "ఆయ్" అనాలి.
దాటినవాళ్ళు తిరిగి "ఆయ్" అనాలి.
అక్కడితో చెల్లు.

నన్ను పట్టిచ్చేది వెనక మడ్‌గార్డు.
ఒక నట్టు వదులు.
గుంత పడ్డప్పుడల్లా
రేకుల షెడ్డు మీద కొబ్బరి మట్ట రాలినట్టుండేది.
సిగ్గేసేది నాకు.
జీతమొచ్చిన రోజున కాశింవలీ కొట్లో పెడితే
వాషరేసి, నూనె పోసి, చైను బిగించి
"ఇంక పిల్లిలా పోద్దమ్మా" అన్నాడు.

పిల్లిలానే పోయింది.

మూడోరోజు పొద్దున్న
మంచు, మంచు వెనక మంచు,
ఉన్నట్టుండి నేల కదిలింది.
ఏసుపాదం బాతులు. ఆరొందలు.
సైకిలు వాటి మధ్యలో,
నేను చేలో నడుందాకా,
సీసాల సంచీ మాత్రం ఎత్తి పట్టుకున్నాను, ఎందుకో.
ఒక్కటీ చావలేదు. ఒకటి కుంటింది.
ఏసుపాదం కర్ర అందించి పైకి లాగాడు.
తిట్టలేదు, తిడితే బాగుండును.
"ఎవరో కొత్తోళ్ళనుకున్నానమ్మా,
మీరైతే అల్లంత దూరంలోనే
బాతుల్ని దించేసేవోణ్ణి కదా.
చప్పుడేదీ?"

సాయంత్రం కాశింవలీ బుర్ర గోక్కున్నాడు.
"బాగుచేసింది చెడగొట్టడానికి
నా దగ్గర రేటు లేదమ్మా."
పానా తీసి రెండు చుట్లు వదిలాడు.
సైకిలెత్తి నేలకేసి చూశాను. చాలలేదు.
ఇంకో అర చుట్టు.
ఆఁ, అది నేను.

మర్నాడు మోగుకుంటూ పోతున్నాను.
ఎదురుగా కిర్రు కిర్రు.
అలవాటు కొద్దీ కాలవ పక్కకి కాలు దించాను.
కిర్రు ఆగింది.
"బుట్టలో ఏవిటండీ?" అంది మంచు.
బాతు, అన్నాను. కాలు బెణికింది,
పశువుల కాంపౌండరు పాలకేంద్రానికొస్తాడుగా,
చూపిస్తానని ఏసుపాదం దగ్గర పట్టుకొచ్చాను.
కాసేపు కొబ్బరికాయలూ చిట్టబ్బాయీ
ఆలోచించుకున్నారు.
"అయితే మీరే రండి"
అని నూట ఇరవై కాయల్నీ కాలవ పక్కకి ఒరిగించి,
తుండుగుడ్డతో మొహం తుడుచుకుని
"ఆయ్" అన్నాడు.

దాటాను.
తిరిగి అనాలని నేను నోరు తెరిచేలోగా
బాతు అనేసింది.