మెయిన్ స్విచ్

ఇరవై యేండ్ల తర్వాత
'కోటదండు' ఆట మళ్లీ వచ్చింది.
ఇప్పుడు గడ్డి ఊగతా ఉండాది.
అప్పట్లో గడ్డంటే పచ్చగళ్లు,
నీళ్లంటే నీలంగళ్లు,
మనిషంటే మూడు చుక్కలు, ఒక తుపాకి.
ఆ చుక్కలకే పేర్లు పెట్టుకుని
గంటకి పదిహేను రూపాయలు కట్టినాం.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, సైకిల్ షాపు మీద
నాదముని నెట్ సెంటరు.
ఆరు సిస్టమ్‌లు, ఒక ఫ్యాను,
మెట్ల కింద పంక్చర్ సొల్యూషన్ వాసన.
జూన్ వస్తే గుజ్జు ఫ్యాక్టరీల దిక్కునుంచి
తోతాపురి టెంకలు పులిసిన గాలి.
ముందడుగు ఎప్పుడెయ్యాల, ఎప్పుడు నక్కాల
ఆ గాలిలోనే నేర్చుకున్నా.

కొత్తది దిగిన రాత్రి
నలుగురం ఫోన్‌లో కలిసినాం.
ఎతిరాజు ముందే అందుకున్నాడు:
"విస్తరి పెద్దదిరా, బువ్వ లేదు."
వాడిప్పుడు పలమనేరు డిపోలో కండక్టరు,
బస్సు టీకి ఆగినప్పుడల్లా ఒక ఎత్తు వేస్తాడు.

ఇంతియాజ్‌కి శాతాలతో తగువు.
"గురి తొంభై అయిదు అని రాసి
పక్క గోడని కాలిస్తే ఏమనాల?
పాతది ఏమీ చెప్పేది కాదు,
మాట తప్పేది కూడా కాదు."

నా ఏడుపు వేరే.
మూడో మ్యాపులో వంతెన ఉండాది కదా,
ఎడమనుంచి రెండో స్తంభం.
దాని వెనక మనిషిని నిలబెడితే
శత్రువు కంటికి ఆనేవాడు కాదు.
చేసినోళ్ల పొరపాటది.
ఎవురూ చెప్పకుండా మేం కనిపెట్టుకున్న
ఒక మనిషి పట్టేంత చీకటి.
ఇప్పుడు దాన్ని దిద్దేసినారు.
నిన్న నమ్మకంగా ఆడనే నిలబెట్టినా,
మొదటి గుండుకే పోయినాడు.

అందరికీ ఒకే మంట మాత్రం
ఆ 'వెనక్కి' బటన్ మీద.
నొక్కితే చచ్చినోడు లేస్తాడు,
పేలిన గుండు గొట్టంలోకి దూరతాది.
"ఉప్పెయ్యని సంగటి" అన్నాడు ఎతిరాజు.
"మన తప్పుల్ని మనమే మోసినాం అప్పట్లో"
అన్నా నేను,
గొంతు కొంచెం బరువు చేసి.

అంతసేపూ పలకని కస్తూరి
అప్పుడు నవ్వింది.
బయోడేటా టైపు చేసుకోను వచ్చి
ఆట చూసి, కుర్చీ లాక్కుని,
వారం తిరగకముందే మా ముగ్గురినీ ఓడించిన కస్తూరి.
"మెయిన్ స్విచ్ మరిచిపోయినారా?"

ఫోన్‌లో కాసేపు ఊపిర్లే.

మెట్ల మలుపులో తుప్పుపట్టిన పెట్టె.
ఎవుడి సిపాయికి చావు దగ్గరపడితే
వాడు నీళ్లకని లేచేవాడు.
టక్.
ఆరు తెరలూ నల్లబడేవి.
నాదముని కరెంటోళ్ల వంశాన్నంతా తిడతా
చొక్కా గుండీలు పెట్టుకుంటా కిందికి పరిగెత్తేవాడు.
మేం అమాయకంగా
అట్టముక్కలతో విసురుకునేవాళ్లం.
కరెంటొచ్చినాక, సేవ్ చేసిన కాడినుంచి
మా సిపాయి స్నానం చేసినట్టు లేచేవాడు.

"ఆ బయోడేటా నేను
మూడుసార్లు టైపు చేసినా" అనింది కస్తూరి.
"ఈ బటన్‌తో ఎవురి కాయితమూ పోదు కదప్పా."
ఎతిరాజు బస్సు హారన్ కొట్టినారని
ఫోన్ పెట్టేసినాడు.
రాత్రి పదకొండున్నరకి వానికి డ్యూటీ లేదు.

ఒక్కణ్ణే కూర్చున్నా తర్వాత.
మళ్లీ మూడో మ్యాపు, వంతెన.
ఈసారి మనిషికి నాదముని అని పేరు పెట్టినా.
నాదముని మోకాళ్ల మీద ఉండాడు,
ఎదురుగా ముగ్గురు.
'వెనక్కి' మీద వేలు పెట్టి
తీసేసినా.
కండ్లు వాటంతటవే
తలుపు పక్కనుండే స్విచ్‌బోర్డు దిక్కు పోయినాయి.
ఇంట్లో ఇన్వర్టర్ ఉండాది.
మెయిన్ పీకినా ఈ తెర
రెప్ప కూడా వాల్చదు.

శత్రువు వంతు, అని చూపించింది.
వంతెన కింద నీళ్లు,
చేసినోళ్లు ఎవరో గాని,
నిజంగానే పారతా ఉండాయి.