కౌంటు

మా పొందూరులో కౌంటంటే నూలుది.
నూరో కౌంటు తీసిన చెయ్యి నాది.
వెలుగుకి అడ్డం పెడితే తప్ప
కంటికి ఆనని పోగు.

విశాఖ ఆసుపత్రిలో కౌంటంటే నెత్తురుది.
"పడిపోయింది నీలవేణి గారూ,
ఈ వారం మందు ఎక్కించలేం" అంటాది నర్సు.
నీలవేణి!
నెత్తి మీద ఒక్క పోగు లేదు.
ఆ పేరు పిలిచినప్పుడల్లా పక్క మంచాల వాళ్లు
నవ్వాలో వద్దో తెలీక గోడ కేసి చూస్తారు.
నేనే ముందు నవ్వేస్తాను.

తెల్లారగట్ల పాసింజరు.
ఒళ్లో క్యారేజీ, కాళ్ల దగ్గర చిలపల సంచి.
తిరుగు రైల్లో నెల్లిమర్ల వచ్చేసరికి
కడుపు తిరగబడతాది.
సైకిలంటారు దీన్ని. తొక్కేది మాత్రం మనల్నే.

మూడో సైకిలప్పుడు డాక్టరమ్మ
ఒక గొట్టం నెత్తురు ఎక్కువ తీసింది.
"ఇది నీ కోసం కాదమ్మా,
నీ తర్వాత వచ్చేవాళ్ల కోసం."
చూస్తానంటే చూపించింది.
గాజుపలక మీద ఊదారంగు చుక్కలు.
అవేటో నాకు తెలుసు.
పింజలో ఇరుక్కున్న నలక.
"దీనికి వాలుగ దవడ కావాలమ్మా" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. చెప్పాను.
కొండపత్తి దువ్వాలంటే మాకు చేప పళ్లే కావాలి.
గోదారి వైపు నుంచి వస్తాది వాలుగ దవడ,
వేలెడంత, నిండా ముళ్లు.
ఏ ముత్తవ్వ కనిపెట్టిందో దాన్ని!
కొర్రమీను దవడ చూసుంటాది,
బొచ్చె చూసుంటాది, జెల్ల చూసుంటాది.
పత్తి చిరిగిపోయుంటాది.
కూర వండమంటే ఎముకలతో ఆటలేటని
ఇంట్లో తిట్లు తినుంటాది.
ఆవిడ పేరు మాలో ఎవరికీ తెలీదు.

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టి
కాసేపు ఊరుకుంది.
"మేమింకా బొచ్చె దగ్గరే ఉన్నాం" అంది.
"డబ్బుల్లేక ఆగాం."

అందుకే ఈ చిలపలు.
ఏ చిలప అమ్మినా డబ్బు వాళ్ల పరిశోధనకని
మా గౌరీశు అట్టముక్క మీద రాసిచ్చాడు.
ఊరు ఊరుకోదు కదా.
"నీ మందులకి దాచుకోక ధర్మాలేటి?"
కిరాణా శెట్టి "పరిశోధనంటే ఏటి, బిల్డింగా?" అని
పది రూపాయలిచ్చి
ఆ పదికీ రసీదడిగాడు.
తోటికోడలు మాట్లాడ్డం మానేసింది.
మూడో రోజు పొద్దున్న గుమ్మంలో
ఆమె వడికిన చిలపలు నాలుగు.
మాటలు మాత్రం ఇంకా లేవు.

ఐదో సైకిలుకి వేళ్లు పోయాయి.
ఉన్నాయి గానీ లేవు.
ఏకు పట్టుకుంటే చీమలు పాకినట్టు.
పోగు తెగినా తెలిసేది కాదు,
రాట్నం చప్పుడు మారితే
చెవితో పట్టుకునేదాన్ని.
నూరు డెబ్బై అయ్యింది. డెబ్బై నలభై.
నా రెండు కౌంట్లూ ఒక్కసారే పడిపోయాయి.

గడ్డలు గడ్డలుగా నూలు.
సిగ్గేసి మంచం కింద దాచాను.
నేతగాడు మల్లేశు వంగి బయటికి లాగాడు,
వేళ్ల మధ్య నలిపి చూశాడు.
"తువ్వాళ్లు నేస్తానక్కా.
ఒళ్లు తుడుచుకోడానికి గరుకే బాగుంటాది."
పదకొండు తువ్వాళ్లు.
ఒకటి శెట్టి కొన్నాడు. రసీదడగలేదు.

మొత్తం పద్దెనిమిది వేల మూడొందల నలభై.
ఆసుపత్రి రసీదులో నీలవాణి అని పడింది.
దిద్దమనలేదు.

ఆ డబ్బుకి లేబులోకి
మందు సీసా ఒకటి వస్తాదట,
పదిహేను రోజుల పనికి సరిపోతాదట.
పదిహేను రోజులు.
జెల్ల దవడ ఒకటి పట్టి చూసి
ఇది కాదని పక్కన పెట్టడానికి
సరిపోతాది.