వాపసు

జనవరిలో తుర్కు వచ్చిన రోజు
నది పేరు చదివి నవ్వొచ్చింది: ఔరా.
గడ్డకట్టి పడుంది. కదలదు, మెదలదు.
ఇందులో ఔరా అనడానికేముంది అనుకున్నాను
చేతులు చంకల్లో దాచుకుని.

ఇప్పుడు మే. ఇంకా పద్దెనిమిది రోజులు.
రాత్రి పదిన్నరకి కూడా కిటికీలో వెలుగు
భోజనమయ్యాక కూడా లేవని చుట్టంలా కూర్చుంటోంది.
దాని ముందే నేను లెక్కలు రాసుకుంటున్నాను.

లైబ్రరీ పుస్తకాలు నాలుగు. ఒకటి తెరవనేలేదు.
గది తాళం. బట్టలుతికే గది తాళం.
సైకిల్‌ని తార్మో కొట్టుదాకా నడిపించుకెళ్ళాను, ఎక్కబుద్ధి కాక.
నలభై యూరోలకి అమ్మినవాడు పదిహేనంటాడు.
బెల్లు కొత్తది వేయించాను కదా అన్నాను.
బెల్లు కేసి చూశాడు. ఒకసారి మోగించాడు.
పదహారు, అన్నాడు.
అతనితో ఐదు నెలల్లో ఇంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

వంటింట్లో ఎతేరి అరలు ఖాళీ చేస్తోంది.
శుక్రవారం తిబిలిసీకి తన విమానం.
ఫిబ్రవరిలో ఒక చీజ్ ముక్క కోసం
తొమ్మిది రోజులు మాట్లాడుకోలేదు మేం.
ఇవాళ ఇనప బాణలి నా చేతిలో పెట్టింది.
నేనేం చేసుకోను, బరువు, అన్నాను.
నీకు కాదు, నీ తర్వాత వచ్చేవాళ్ళకి, అంది.
పిడి వెనక ఐదు పేర్లు, మూడు లిపుల్లో.
ఎవరో మేకుతో గీసినవి. ఆఖరిది తనది.
తను పడుకున్నాక నేనూ ప్రయత్నించాను.
మన గుండ్రటి అక్షరాలు ఇనుముకి ఎక్కవు.
తలకట్టు ఒక్కటే పడింది.

పక్క వాటాలో ఇర్మెలి. డెబ్భై రెండేళ్ళు.
మెట్ల మీద ఆపి అడిగింది, సముద్రంలో దిగావా అని.
ఈత రాదన్నాను.
ఇన్ని దీవుల పక్కన ఉండి కూడానా అని తిట్టలేదు.
ఇక్కడివాళ్ళు తిట్టరు.
లోపలికెళ్ళి ఒక చారల తువ్వాలు తెచ్చిచ్చింది.

ఆవిరిగదిలో చెవులు మండేదాకా కూర్చోబెట్టి
చెక్కమెట్ల మీంచి దించింది.
నీళ్ళు తొమ్మిది డిగ్రీలు.
దిగితేగానీ లోతు తెలీదంటారు మావాళ్ళు.
చలి గురించి వాళ్ళేమీ అనలేదు.
ఊపిరి గొంతులో ఇరుక్కుని,
వచ్చిన మూడు భాషలూ ఒక్కసారే మరిచిపోయి,
ఏ ముత్తాత నోట్లోంచో నాలోకి దూరిన మాట
ఊడిపడింది:
ఔరా!

ఇర్మెలి తల అడ్డంగా ఊపింది
పటం మీద వేలు తప్పిన పిల్లని దిద్దుతున్నట్టు.
కాదు, ఇది సముద్రం.
ఔరా ఊళ్ళో ఉంది.

అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాం.
వీపు కింద ఆవిడ అరచెయ్యి.
పైన తెల్లటి ఆకాశం, ఒక నీటికాకి.
ఉక్సి, కక్సి, కోల్మె, ఆవిడే లెక్కపెడుతుంది.
నిన్న ఏడు దాకా తేలాను.
అందులో ఎన్నింటికి చెయ్యుందో, ఎన్నింటికి లేదో
అడిగితే చెప్పదు.

పెట్టె పట్టుకుని త్రాసు ఎక్కాను.
మొత్తంలోంచి నన్ను తీసేస్తే ఇరవై ఆరు.
విమానంవాళ్ళు ఒప్పుకునేది ఇరవై మూడు.
చలికోటు తీసేశాను. బూట్లు తీసేశాను.
పెట్టె దించి ఒక్కదాన్నే ఎక్కి చూస్తే
జనవరి కన్నా మూడు కిలోలు ఎక్కువున్నాను.
నల్ల రొట్టె, యాలకుల బన్నులు, ఎతేరి వాల్‌నట్ల కూర.
దీనికి రుసుము అడిగేవాళ్ళు లేరు.

లెక్కలో ఇంకొకటి మిగిలింది.
తువ్వాలు మడిచి ఇర్మెలి తలుపు తట్టాను.
అంచు వేళ్ళతో నలిపి చూసి
తడిగా ఉంది, ఆరాక తెచ్చియ్యి, అంది.

ఇంకా పదకొండు రోజులు.
రోజూ తడుపుతున్నాను.